కాలేయానికి కవచం ఉన్నదా? - మద్యపానం, మాంసకృత్తులు: ఒక వివాద చరిత్ర

మద్యం సేవించేవారిలో తరతరాలుగా ఒక నమ్మకం నాటుకొని ఉన్నది. ఖాళీ కడుపుతో త్రాగితేనే మనిషి చెడుతాడనీ, ప్రక్కన పుష్టికరమైన నంజుడు ఉంటే, ఆపైన కడుపునిండా భోజనం చేస్తే, ఎంత త్రాగినా కాలేయానికి భయం లేదనీ వారు చెబుతారు. మాంసం, గ్రుడ్లు, వేయించిన పప్పులు త్రాగుడుకు విరుగుడని భావించి, మానమని చెప్పీ చెప్పీ అలసిపోయి, కనీసం తిండి అయినా సరిగా తిననిద్దామని వాటిని సిద్ధం చేసిపెట్టే తల్లులు, ఇల్లాళ్లు మన ఇళ్లలో తక్కువమంది కారు. ఇది తెలియనివారి భ్రమ అని ఒక్కమాటలో కొట్టివేయడానికి వీలులేదు. ఇరువదవ శతాబ్దంలో సుమారు ముప్పయి సంవత్సరాలపాటు పేరుపొందిన శాస్త్రజ్ఞులు అనేకులు ఇంచుమించు ఈ మాటనే ప్రయోగశాలలో రుజువు చేసినామని విశ్వసించినారు. ఆ విశ్వాసం ఎట్లా పుట్టినదో, దేనివల్ల బలపడినదో, చివరకు అందులో ఎంత నిలిచినదో పాఠకులకు విన్నవించడమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం.

ముందుగా కాలేయాన్ని గురించి రెండు మాటలు. శరీరం లోపలి అవయవాలలో ఇదే పెద్దది. పెద్దవారిలో దీని బరువు దాదాపు ఒకటిన్నర కిలోగ్రాములు. ప్రేగులలో జీర్ణమైన ఆహారసారం రక్తంలో కలిసి మొదట చేరేది ఇక్కడికే. శరీరానికి కావలసిన చక్కెరను నిలువచేయడం, రక్తంలో తిరిగే అనేక మాంసకృత్తులను తయారుచేయడం, లోపలికి వచ్చిన విషపదార్థాలను విరిచివేయడం దీని పనులు. త్రాగిన మద్యంలో అత్యధికభాగం ఇక్కడే దహనమవుతుంది గనుక దెబ్బ కూడా ముందుగా దీనికే తగులుతుంది. ఆ దెబ్బ సాధారణంగా మూడు రూపాలలో కనబడుతుంది. మొదట కాలేయకణాలలో క్రొవ్వు పేరుకొంటుంది. తరువాత కొందరిలో ఆ కణాలు వాచి, నశించి, కామెర్లు కలుగుతవి. చివరకు నశించిన కణాల స్థానంలో నారవంటి మచ్చకండ పెరిగి, కాలేయమంతా గట్టిపడి గడ్డలు గడ్డలుగా తయారవుతుంది. ఈ చివరి స్థితినే సిరోసిస్ అంటారు. పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు, మతిభ్రమ దీనివెంట వచ్చే ఉపద్రవాలు.

మాంసకృత్తులన్న పేరులో మాంసం ఉన్నప్పటికీ అవి మాంసాహారానికి మాత్రమే పరిమితమైనవి కావు. పప్పుధాన్యాలు, వేరుసెనగ, పాలు, పెరుగు, చేపలు, గ్రుడ్లు అన్నింటిలోను ఇవి ఉన్నవి. శరీరం వీటిని అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడగొట్టి, తిరిగి తనకు కావలసిన రీతిలో కూర్చుకొంటుంది. ఈ ముక్కలలో ఒకటైన మెథియొనిన్ పేరు పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. మన కథలో దానికి రెండు విరుద్ధమైన పాత్రలు ఉన్నవి.

కాలేయం గట్టిపడటానికీ త్రాగుడుకూ సంబంధం ఉన్నదని వైద్యులు కనిపెట్టి రెండు శతాబ్దాలు దాటినది. 1793లో లండను వైద్యుడు మాథ్యూ బెయిలీ, శవపరీక్షలలో తాను చూచిన వికృతులను వర్ణిస్తూ ప్రకటించిన గ్రంథంలో, గడ్డలుకట్టిన కాలేయం విపరీతంగా త్రాగేవారిలో ఎక్కువగా కనిపిస్తున్నదని వ్రాసినాడు. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ 1819లో ఈ వ్యాధికి సిరోసిస్ అని పేరుపెట్టినాడు. వ్యాధిగ్రస్తమైన కాలేయం పింగళవర్ణంలో ఉండటం చూచి, ఆ రంగును తెలిపే గ్రీకు మాటనుండి ఆయన ఈ పేరు కల్పించినాడు. 1836లో ఇంగ్లండులో థామస్ ఆడిసన్ త్రాగుబోతుల కాలేయంలో క్రొవ్వు పేరుకొనడాన్ని వర్ణించినాడు. ఆ విధంగా పందొమ్మిదవ శతాబ్దపు వైద్యుల తీర్పు స్పష్టంగానే ఉన్నది: మద్యం విషం, ఆ విషం కాలేయాన్ని కాల్చివేస్తున్నది.

అయితే ఆ తీర్పుకు లొంగని సంగతులు రెండు ఉన్నవి. మొదటిది, అతిగా త్రాగేవారందరికీ సిరోసిస్ రాదు. ఏళ్లతరబడి త్రాగినవారిలో నూటికి పదిమందినుంచి ఇరవైమందికే వస్తుంది. రెండవది, ఆ వ్యాధితో ఆసుపత్రికి వచ్చినవారు సామాన్యంగా చిక్కి శల్యమై ఉంటారు. చేతులు పుల్లలవలె, పొట్ట కుండవలె ఉన్న ఆ రోగిని చూచిన వైద్యుడికి, ఇతడు విషం త్రాగి చెడినాడా, తిండిలేక చెడినాడా అన్న సందేహం కలగడం సహజం. ఆ సందేహానికి సమాధానం అనుకోని చోటినుండి వచ్చినది.

1921లో కెనడాలోని టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. క్లోమాన్ని తీసివేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బ్రతికించడం అప్పటినుండి సాధ్యమైనది. కాని అట్లా బ్రతికిన కుక్కలు కొన్ని నెలలకు మరొక కారణంవల్ల చనిపోతూ వచ్చినవి. వాటి కాలేయం క్రొవ్వుతో నిండిపోయి ఉన్నది. పచ్చి క్లోమాన్ని మేతలో కలిపి పెడితే ఆ కుక్కలు కోలుకొన్నవి. క్లోమానికి బదులు లెసిథిన్ అనే పదార్థం పెట్టినా అదే ఫలితం కనబడినది. 1932లో బెస్ట్, ఆయన సహచరులు ఆ లెసిథిన్‌లోని అసలు శక్తి కోలిన్ అనే చిన్న పదార్థానిదని నిరూపించినారు. ఆ తరువాత మూడేళ్లకు, పాలవిరుగుడులోని మాంసకృత్తు అయిన కేసీన్‌ను సమృద్ధిగా పెట్టిన ఎలుకల కాలేయంలో క్రొవ్వు చేరలేదని బయటపడినది. 1937లో మెథియొనిన్‌కు కూడా ఆ గుణం ఉన్నదని అమెరికాలో కనుగొన్నారు. కోలిన్ తయారీకి కావలసిన ముడిసరుకును శరీరం ఈ మెథియొనిన్ నుండే తీసుకొంటుందని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

దీని మర్మం ఇది. కాలేయం తనలో తయారైన క్రొవ్వును ఉన్నదున్నట్లుగా రక్తంలోనికి వదలలేదు. నీటిలో నూనె కలవనట్లే రక్తంలో క్రొవ్వు కలవదు. అందువల్ల దానిని మాంసకృత్తులతోను, కోలిన్ కలిగిన పదార్థాలతోను చుట్టి, మూటలుగా కట్టి పంపుతుంది. కళ్లంలో ధాన్యం రాశిపోసి ఉన్నా గోనెసంచులు లేకపోతే బండికెక్కదు గదా. అదే విధంగా మాంసకృత్తులు, కోలిన్ కొరవడినప్పుడు కాలేయంలో క్రొవ్వు నిలిచిపోతుంది. ఇంతవరకు చెప్పినది నేటికీ సత్యమే.

ఇదే కాలంలో ఆఫ్రికానుండి మరొక సాక్ష్యం వచ్చినది. నేడు ఘానా అని పిలిచే గోల్డ్ కోస్టులో పనిచేస్తున్న సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, తల్లిపాలు మాని మొక్కజొన్న జావమీద బ్రతికే పసిపిల్లలలో ఒక విచిత్ర వ్యాధిని 1933లో వర్ణించింది. 1935లో దానికి అక్కడివారి భాషలోని క్వాషియోర్కర్ అన్న పేరునే శాస్త్రలోకానికి పరిచయం చేసినది. ఒళ్లంతా ఉబ్బి, చర్మం పొరలూడి, జుట్టు రంగుమారే ఆ పిల్లల కాలేయం క్రొవ్వుతో నిండి ఉండేది. మద్యం అన్నమాటే ఎరుగని పసిపిల్లలకు త్రాగుబోతు కాలేయం! తగినంత పాలు పోస్తే అది తిరిగి మామూలు స్థితికి వచ్చేది. మన దేశంలో ఈ వ్యాధిని కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలలో డాక్టర్ గోపాలన్, ఆయన సహచరులు విశేషంగా పరిశోధించినారు. ఆ సంస్థే 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది.

కుక్కలు, ఎలుకలు, పసిపిల్లలు ఒకే సాక్ష్యం చెబుతూ ఉండగా, త్రాగుబోతులకు చికిత్సచేసే వైద్యులు ఊరుకోలేదు. న్యూయార్కులో ఆర్థర్ పేటెక్ అనే వైద్యుడు 1930ల ద్వితీయార్ధంనుండి సిరోసిస్ రోగులకు సమృద్ధమైన ఆహారం పెట్టి చూచినాడు. అంతవరకు ఆ వ్యాధి వస్తే మరణం తప్పదని వైద్యులు చేతులు ముడుచుకొనేవారు. పేటెక్ ఆ రోగులకు పాలు, మాంసం, గ్రుడ్లు, ఈస్టు మొదలైనవాటితో రోజుకు దాదాపు 140 గ్రాముల మాంసకృత్తులు, 3,500 కెలొరీలు ఇచ్చినాడు. 1941లో 54 మంది రోగుల ఫలితాలను, 1948లో పది సంవత్సరాలకాలంలో చూచిన 124 మంది ఫలితాలను ఆయన బృందం ప్రకటించినది. ఈ ఆహారం పొందినవారిలో అనేకులకు పొట్టలోని నీరు తగ్గినది, కామెర్లు తగ్గినవి, ఆకలి పుట్టినది. వెనుకటి రోజులలో ఈ చికిత్స లేకుండా ఉన్న 386 మంది చరిత్రతో పోల్చిచూస్తే వీరు ఎక్కువకాలం జీవించినారు. అది వైద్యచరిత్రలో స్మరణీయమైన విజయం. చావు తప్పదనుకొన్న మంచంమీది మనిషికి ఒక గ్లాసు పాలు, ఒక గ్రుడ్డు ఆశ కల్పించినవి.

ఈ వాదం శిఖరానికి చేరిన సంవత్సరం 1949. ఇన్సులిన్ ఖ్యాతిగల బెస్ట్, ఆయన సహచరులు హార్ట్రాఫ్ట్, లూకస్, రిడౌట్ బ్రిటిషు వైద్యపత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించినారు. కొన్ని ఎలుకలకు త్రాగునీటికి బదులు 15 శాతం మద్యం కలిపిన నీరు ఇచ్చినారు. మరికొన్నింటికి మద్యానికి బదులు అన్నే కెలొరీలు గల చక్కెర ఇచ్చినారు. రెండు జట్లలోను కాలేయం ఒకే తీరున చెడినది. మేతలో కోలిన్ గాని, మెథియొనిన్ గాని, కేసీన్ గాని చేర్చిన ఎలుకలకు మద్యం త్రాగినా ఆ చెడుగు తప్పిపోయినది. స్వచ్ఛమైన మద్యం కాలేయానికి ప్రత్యేకంగా విషమనడానికి, చక్కెర విషమనడానికి ఉన్నంత ఆధారమే ఉన్నదని వారు తేల్చినారు. వారి లెక్కలో త్రాగుబోతు చేసే తప్పు విషం త్రాగడం కాదు. మాంసకృత్తులు, విటమినులు లేని ఉత్త కెలొరీలతో కడుపు నింపుకోవడం.

ఈ నిర్ణయంలో కొంత మంచి ఉన్నది. త్రాగుబోతును పాపిగా కాక, పోషణలేని రోగిగా చూడమని ఇది వైద్యులకు నేర్పినది. కాని దానివెంట ఒక ప్రమాదం కూడా వచ్చినది. ఆహారం సరిగా ఉంటే మద్యం హానిచేయదన్న అర్థం ఇందులోనుండి ఎవరైనా తీయవచ్చు. చాలామంది తీసినారు కూడా. కోలిన్, మెథియొనిన్ చేర్చిన కాలేయపు టానిక్కులు అంగళ్లకు వచ్చినవి. త్రాగేవాడికి తన నమ్మకానికి శాస్త్రజ్ఞుల చేవ్రాలు దొరికినట్లయినది.

వాదం ఇంత బలంగా ఉన్న ఆ రోజులలోనే దానికి ఎదురు నిలిచిన సాక్ష్యం ఒకటి ఫ్రాన్సు దేశపు మరణపట్టికలలో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆ దేశం జర్మను ఆక్రమణలో ఉన్నప్పుడు ద్రాక్షసారాయికి రేషను పెట్టినారు. రొట్టె, మాంసం, వెన్న, పాలు అన్నింటికీ కరువే. పారిస్ నగరవాసులు చిక్కిపోయినారు. తిండిలేమివల్లనే సిరోసిస్ వచ్చేటట్లయితే ఆ సంవత్సరాలలో అది విజృంభించవలసినది. జరిగినది దానికి పూర్తిగా విరుద్ధం. సిరోసిస్ మరణాలు బాగా పడిపోయినవి. యుద్ధం ముగిసి, రేషను తొలగి, సారాయి తిరిగి పారగానే అవి మళ్లీ పెరిగినవి. మాంసం కరువైన ఏళ్లలో కాలేయం బాగుపడినది; మాంసమూ సారాయీ కలిసి తిరిగివచ్చిన ఏళ్లలో చెడినది.

ఎలుకల ప్రయోగంలోను లోపం ఉన్నదని క్రమంగా తెలియవచ్చినది. ఎలుకకు మద్యమంటే సహజంగా ఇష్టం లేదు. నీటిలో కలిపి ఇస్తే అది దాహం తీరేటంత మాత్రమే త్రాగుతుంది. అందుచేత దాని శరీరంలో చేరే మద్యం, నిత్యం త్రాగే మనిషి పుచ్చుకొనేదానితో పోలిస్తే స్వల్పం. పైగా కోలిన్ అవసరం మనిషికంటె ఎలుకకు చాలా ఎక్కువ. కోలిన్ కొరతవల్ల ఎలుకకు కలిగే కష్టాన్ని యథాతథంగా మనిషికి అంటగట్టడం సరికాదు.

ఈ లోపాన్ని సవరించినవాడు చార్లెస్ లీబర్. బెల్జియంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఈ వైద్యుడు, తన సహచారిణి డికార్లీతో కలిసి 1960లలో ఒక చక్కని ఉపాయం పన్నినాడు. ఎలుకకు మేత వేరుగా, మద్యం వేరుగా ఇవ్వడం మానివేసి, మాంసకృత్తులు, విటమినులు, క్రొవ్వు, మద్యం అన్నింటినీ కలిపి ఒకే ద్రవాహారంగా ఇచ్చినాడు. ఆకలి తీరవలెనన్నా, దాహం తీరవలెనన్నా ఎలుక ఆ ద్రవాన్నే త్రాగవలెను. ఈ విధంగా ఆ జంతువు పొందే కెలొరీలలో 36 శాతం మద్యంనుండి వచ్చినవి. మాంసకృత్తులకు లోటులేదు. అయినప్పటికీ కాలేయంలో క్రొవ్వు పేరుకొన్నది. మద్యానికి బదులు అన్నే కెలొరీల పిండిపదార్థం పొందిన ఎలుకలలో అంత క్రొవ్వు చేరలేదు. మద్యానికీ చక్కెరకూ తేడా లేదన్న 1949 నాటి తీర్పు ఇక్కడ చెదరిపోయినది.

ఎలుకతో ఆగిపోలేదు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుష్యులను ఆసుపత్రిలో ఉంచి, సరియైన ఆహారంతోపాటు మద్యం ఇచ్చి, కాలేయంనుండి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించినారు. 1963 నుండి 1968 వరకు ప్రకటితమైన ఈ ఫలితాలలో మన విషయానికి అత్యంత సన్నిహితమైనది 1968 నాటిది. లీబర్, రూబిన్ అనే పరిశోధకులు ఈసారి ఆహారంలో మాంసకృత్తులను మామూలుకంటె హెచ్చించి, క్రొవ్వును తగ్గించినారు. రక్షణ అనేది ఉంటే ఆ ఆహారంలో కనబడవలసినది. కొద్ది వారాలలోపలే ఆ మనుష్యుల కాలేయంలోను క్రొవ్వు చేరినది.

ఇక మిగిలినది సిరోసిస్ ప్రశ్న. 1974లో అదే బృందం బబూన్ కోతులపై జరిపిన దీర్ఘకాల ప్రయోగాన్ని వెల్లడించినది. పోషకాహారానికి లోపంలేకుండా, కెలొరీలలో సగం మద్యంగా పొందిన కోతులలో క్రొవ్వు చేరడం, కణాలు వాచడం, కొన్నింటిలో సిరోసిస్ కూడా కనబడినవి. ఇతర ప్రయోగశాలలవారు అందరూ ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టలేకపోయినందున వివాదం మరికొంతకాలం సాగినది. కోలిన్ చాలలేదేమో అన్నవారికి సమాధానంగా లీబర్ బృందం కోతులకు అదనంగా కోలిన్ ఇచ్చి చూచినది. అది కాలేయం గట్టిపడటాన్ని ఆపలేదనీ, పైగా అదే హానిచేసినదనీ 1985లో ప్రకటించినది.

అయినా కవచంకోసం అన్వేషణ మానలేదు. మద్యం విషమని రుజువుచేసిన లీబరే దానికి ప్రకృతిలో విరుగుడు దొరుకుతుందేమోనని చివరివరకు వెతికినాడు. సోయాచిక్కుడునుండి తీసిన, కోలిన్ కలిగిన ఒక క్రొవ్వుపదార్థం కోతుల కాలేయాన్ని గట్టిపడకుండా కాపాడినట్లు 1994లో ఆయన చూపినాడు. దానిని మనుష్యులలో పరీక్షించడానికి అమెరికాలోని మాజీసైనికుల ఆసుపత్రులలో 789 మంది రోగులను తీసుకొని రెండేళ్లు చికిత్స చేసినారు. 2003లో ఫలితం వెలువడినది. మందు పుచ్చుకొన్నవారికీ ఉత్తమాత్ర పుచ్చుకొన్నవారికీ కాలేయం గట్టిపడటంలో తేడా కనబడలేదు. నిరాశ కలిగించే ఆ ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఆ శాస్త్రజ్ఞునికి గౌరవాన్నే తెచ్చినది.

మాంసకృత్తులు ఎందుకు అడ్డుపడలేకపోయినవి? మద్యం కాలేయంలో దహనమయ్యేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే తీక్ష్ణమైన పదార్థం పుడుతుంది. అది కణంలోని మాంసకృత్తులకే అంటుకొని వాటిని పనికిరాకుండా చేస్తుంది. కాలేయం మద్యాన్ని ముందుగా దహించడంలో మునిగిపోయి, క్రొవ్వును దహించే పనిని వెనుకకు నెడుతుంది. నిత్యం త్రాగేవారిలో మద్యాన్ని విరిచే మరొక యంత్రాంగం కూడా పెరుగుతుంది; 1968లో లీబర్, డికార్లీ వర్ణించిన ఆ మార్గంలో కణాలను కొరికే దుష్టపదార్థాలు విశేషంగా పుట్టుతవి. తిన్న గ్రుడ్డు ఈ పనులలో దేనినీ ఆపదు. కడుపులో ఆహారం ఉన్నప్పుడు మద్యం నెమ్మదిగా రక్తంలో చేరి కైపు ఆలస్యంగా ఎక్కడం నిజమే; దానినే జనం రక్షణ అనుకొంటున్నారు. కాని మొత్తంమీద కాలేయం దహించవలసిన మద్యం తగ్గదు. కైపు తక్కువగా ఉన్నదన్న ధైర్యంతో మరికొంత త్రాగితే భారం పెరుగుతుంది కూడా.

పేటెక్ సాధించిన విజయం అబద్ధమని పాఠకులు అనుకోరాదు. ఆయన రోగులలో చాలామంది ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఆహారం తిన్నారు. అదే సమయంలో త్రాగుడుకు దూరమైనారు. రెండు మార్పులలో దేని ఫలం ఎంత అన్నది తేల్చడం కష్టం. ఈ చిక్కును కొంత విడదీసినది పవెల్, క్లాట్‌స్కిన్ అనే వైద్యులు 1968లో ప్రకటించిన పరిశీలన. సిరోసిస్ వచ్చిన తరువాత త్రాగుడు మానినవారిలో అయిదేళ్లు జీవించినవారు నూటికి 63 మంది. మాననివారిలో నూటికి 40 మంది. సిరోసిస్ వంటి ముదిరిన దశలో కూడా మానివేయడం ఇంత మేలుచేస్తుందంటే, క్రొవ్వు మాత్రమే చేరిన తొలిదశ సంగతి చెప్పనక్కరలేదు. ఆ దశలో పూర్తిగా మానితే కొద్ది వారాలలోనే కాలేయం చాలవరకు తేరుకొంటుంది.

ఇక్కడ కథ మరొక మలుపు తిరుగుతుంది. మాంసకృత్తులను రక్షకులుగా పొగడిన వైద్యలోకమే వాటిని శత్రువులుగా చూచిన కాలం కూడా వచ్చినది. 1893లో రష్యాలో పావ్లోవ్, ఆయన సహచరులు కుక్కలకు ప్రేగుల రక్తం కాలేయం గుండా పోకుండా దారిమళ్లించినప్పుడు, మాంసం తిన్న ఆ కుక్కలు మతితప్పి మూర్ఛపోయినవి. 1950లలో సిరోసిస్ రోగులలో కూడా ఇటువంటి స్థితిని అమెరికాలోను, లండనులో షీలా షెర్లాక్ బృందంలోను గమనించినారు. చెడిన కాలేయం మాంసకృత్తులనుండి పుట్టే అమ్మోనియాను విరవలేక, అది మెదడుకు చేరుతుందని గ్రహించినారు. కాలేయానికి మేలని ఇస్తున్న మెథియొనినే కొందరు సిరోసిస్ రోగులలో మతిభ్రమ కలిగిస్తున్నదని ఆ బృందం 1956లో చూపినది. మేము ముందు గుర్తుంచుకొమ్మని కోరిన పదార్థపు రెండవ పాత్ర ఇదే. ఆపైన కాలేయరోగి అనగానే పప్పు, పాలు, గ్రుడ్లు మాన్పించి జావమీద ఉంచడం వైద్యంలో ఆచారమైపోయినది. ఇళ్లలో అది నేటికీ పథ్యం పేరుతో మిగిలి ఉన్నది.

ఈ రెండవ భ్రమ కూడా నిలువలేదు. ఆసుపత్రులలో చేరిన మద్యజనిత కాలేయరోగులలో పోషణలోపం లేనివారు కనబడలేదని 1984లో అమెరికా మాజీసైనికుల ఆసుపత్రుల పరిశోధకులు చూపినారు. ఆ లోపం ఎంత తీవ్రమైతే మరణాలు అంత అధికం. అమ్మోనియాను విరిచే పనిలో కాలేయానికి కండరాలు తోడ్పడుతవి. తిండి తగ్గించి కండను కరిగిస్తే ఆ తోడు కూడా పోతుంది. 2004లో బార్సిలోనా వైద్యులు మతిభ్రమతో చేరిన సిరోసిస్ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మాంసకృత్తులు తగ్గించి, రెండవ జట్టుకు మామూలుగా ఇచ్చినారు. మామూలుగా తిన్నవారికి మతిభ్రమ ఎక్కువ కాలేదు. తగ్గించినవారి శరీరంలోని మాంసకృత్తులు మాత్రం ఎక్కువగా కరిగినవి. మాంసంవల్ల ఇబ్బందిపడే రోగులు కూడా పప్పులు, కాయగూరలనుండి వచ్చే మాంసకృత్తులను బాగా ఓర్చుకొంటారని 1970లనుండి జరిగిన పరిశీలనలు తెలిపినవి. మన ఇళ్లలోని పప్పు, పెరుగు ఇందుకు అనుకూలమైనవే.

నేటి వైద్యుల సలహా ఈ చరిత్ర అంతటి సారం. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దేహపు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. సిరోసిస్ రోగికి కిలోకు 1.2 నుండి 1.5 గ్రాములు కావలెనని యూరపు నిపుణుల సూచన. అంటే 60 కిలోల మనిషికి 72 నుండి 90 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డులో ఆరేడు గ్రాములు ఉంటవి. రాత్రి పడుకొనేముందు కొద్దిగా ఆహారం పెట్టడం ఇటువంటి రోగికి మేలు. చెడిన కాలేయంలో చక్కెర నిలువ తక్కువ గనుక, రాత్రంతా పస్తు ఉంటే శరీరం తన కండనే తింటుంది. ఎవరికి ఎంత, ఏ రూపంలో అన్నది చికిత్సచేసే వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. ఇదంతా త్రాగుడు మానివేసిన కాలేయానికి ఇచ్చే ఊతం. త్రాగుతూ ఉన్నవాడికి తిండి పెట్టవద్దని మేము అనడం లేదు. తిండిలేని త్రాగుబోతు మరింత త్వరగా క్షీణిస్తాడు. ఆ తిండి త్రాగుడుకు అనుమతిపత్రం కాదని మాత్రం ఇంట అందరూ ఎరిగి ఉండవలెను.

చివరగా ఒక చిన్న లెక్క. పావుసీసా అని పిలిచే 180 మిల్లీలీటర్ల సారాయిలో మద్యం 43 శాతం ఉన్నట్లయితే, అందులో దాదాపు 60 గ్రాముల మద్యం, 425 కెలొరీలు ఉంటవి, మాంసకృత్తులు సున్న. అన్ని కెలొరీలను కందిపప్పునుండి పొందినట్లయితే 28 గ్రాముల మాంసకృత్తులు లభిస్తవి. బెస్ట్ బృందం ఎలుకలలో చూచిన సత్యాంశం ఇక్కడ ఉన్నది: మద్యం మనిషి కడుపులో ఆహారపు చోటును ఆక్రమిస్తుంది. కాని ప్రయోగశాలలో ఎలుకకు భార్యాబిడ్డలు ఉండరు. మనిషి విషయంలో ఆ పావుసీసా ఆక్రమించేది అతని విస్తరిలోని చోటు మాత్రమే కాదు. దాని ఖరీదుకు రావలసిన పప్పు, పాలు, గ్రుడ్లు ఇంటిలోని పిల్లల విస్తళ్లలోనుండి కూడా మాయమవుతవి. ఉన్న కొద్దిపాటి పుష్టికరాహారం నంజుడుగా అతని ముందుకే పోతే, ఆ పిల్లలకు మిగిలేది గంజినీళ్లే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాయి అంగళ్లపై తిరగబడిన స్త్రీలకు కోలిన్ పేరు గాని, బబూన్ కోతుల సంగతి గాని తెలియవలసిన అవసరం లేకపోయినది. త్రాగేవాడి విస్తరిలో ఏమి వడ్డించవలెనన్న ప్రశ్నను వారు వేసుకోలేదు. సారాయి అంగడి ఊరిలో ఉండరాదన్నారు. వారి ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారాయి నిషేధానికి దారితీసినది. డెబ్బయి సంవత్సరాలపాటు కుక్కలు, ఎలుకలు, కోతులు, మనుష్యులపై ప్రయోగాలు జరిపి శాస్త్రజ్ఞులు చేరుకొన్న నిర్ణయం, ఆ స్త్రీల నిర్ణయానికి దూరంగా లేదు. మాంసకృత్తులు కాలేయాన్ని నిలబెట్టగల ఆహారం. మద్యాన్ని అడ్డగించగల కవచం మాత్రం ఏ వంటింటిలోను లేదు.